తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో వరదలు, చెరువులు, పౌరుల పాత్ర

తిరుపతి, చిత్తూరు పట్టణాలు, వాటి చుట్టుపట్ల గ్రామాలు దక్షిణ రాయలసీమకు చెందినవి. కరువు సీమగా పేరుపడిన ఈ ప్రాంతం కొన్ని సంవత్సరాలలో నవంబరు, డిసెంబరు నెలలలో తీవ్రమైన వరదలకు కూడా గురి అవుతున్నది. ఈ రెండు విపత్తులను వేరువేరుగా చూడడం వాడుక అయినను, ఇక్కడ రెండింటికీ మూలం ఒక్కటే. సంవత్సరంలో కొద్ది రోజులలోనే కురిసే వానను నిలుపుకొనే ఏర్పాటు, అనగా చెరువుల వ్యవస్థ, ఏ స్థితిలో ఉన్నదన్నదే ఆ మూలం. చెరువు బాగున్న చోట వరద ఉధృతి తగ్గుతుంది, వేసవిలో బావిలో నీరు ఉంటుంది. చెరువు పూడిన చోట వరదా కరువూ రెండూ ఒకే సంవత్సరంలో వస్తాయి. ఈ వ్యాసం ఆ చెరువులను ఒకప్పుడు కాపాడిన ప్రజల కట్టుబాట్లను, అవి సడలిన తీరును, 2021 నవంబరు వరదలలో బయటపడిన సంగతులను వివరిస్తుంది.

భౌగోళిక నేపథ్యం

పూర్వపు చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో తిరుపతి కేంద్రంగా ప్రత్యేక జిల్లా ఏర్పడి, మదనపల్లె వైపు ప్రాంతం అన్నమయ్య జిల్లాలో చేరినది. పడమట మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు మైసూరు పీఠభూమి అంచు. తూర్పున సముద్రం వైపు వాలిన మైదానం. నడుమ శేషాచలం, నగరి కొండలు. ఈ ప్రాంతపు వాన రెండు ఋతుపవనాల వలన వస్తుంది. కోస్తా ఉత్తర భాగానికీ తెలంగాణకూ నైరుతి ఋతుపవనాలే ప్రధానం కాగా, ఇక్కడ ఈశాన్య ఋతుపవనాల వాటా కూడా దాదాపు దానితో సమానం. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడి చెన్నై, నెల్లూరుల నడుమ తీరం దాటినప్పుడు, తేమగాలి శేషాచలం కొండలకు తగిలి పైకి లేచి చల్లబడి, ఒకటి రెండు రోజులలోనే కుండపోతగా కురుస్తుంది. సగటు వర్షపాతం చూచి ఇది కరువు ప్రాంతమా అని ఆశ్చర్యపడేవారు ఉన్నారు. సగటు ఇక్కడ పెద్దగా ఏమీ చెప్పదు. వాన ఎన్ని రోజులలో పడినది, పడిన నీరు ఎక్కడ ఆగినది అన్నవి ముఖ్యం.

తిరుపతి ప్రాంతపు నది స్వర్ణముఖి. చంద్రగిరి సమీపంలోని తూర్పు కనుమల కొండలలో పుట్టి తిరుపతి, తిరుచానూరు, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా సముద్రంలో కలుస్తుంది. దీని ఉపనది కల్యాణి మీద రంగంపేట సమీపంలో కట్టిన కల్యాణి డ్యాము తిరుపతికి తాగునీటి ఆధారాలలో ఒకటి. తరువాతి కాలంలో తెలుగుగంగ నీరు కూడా పట్టణానికి వచ్చినది. చిత్తూరు పట్టణం గుండా నీవా నది పారుతుంది. సంవత్సరంలో ఎక్కువ నెలలు ఈ నదులు ఇసుక పరుపులే. నది ఎండి ఉండడం చూచిన కన్నుకు అది నది అన్న సంగతే మరుపు రావడం, గట్టు దిగి ఇండ్లు కట్టుకొనడం ఇందువలననే జరుగుతున్నవి.

గొలుసుకట్టు చెరువులు

ఇక్కడి చెరువులు విడివిడిగా ఉన్నట్లు కనిపించినను వేరువేరు కావు. కొండవాగు నీరు పై చెరువులో చేరుతుంది. అది నిండగానే అదనపు నీరు మొరవ మీదుగా పొంగి, వంకలో పడి, దిగువ చెరువుకు పోతుంది. మొరవ అనగా కట్టలో ఒక చివర రాతితో కట్టిన తక్కువ ఎత్తు గోడ. దీనినే మరవ అనియు, కలుజు అనియు అంటారు. పొలానికి నీరు వదిలే ద్వారం తూము. చెరువు క్రింద సాగయ్యే భూమి ఆయకట్టు. తూము తెరిచి మూసి, ఎవరి మడికి ఎంతసేపు నీరు అన్నది చూచే ఊరి సేవకుడిని నీరుగట్టి అనియు, మదనపల్లె వైపు నీరగంటి అనియు పిలుస్తారు.

ఈ గొలుసులో ఒక కడియం తెగితే దాని ప్రభావం రెండు విధాలు. పై చెరువు కట్ట తెగితే దాని నీరంతా ఒక్కసారిగా దిగువ చెరువు మీద పడి, దాని కట్ట కూడా తెగవచ్చును. అట్లు కాక, పై చెరువును పూడ్చివేస్తే అందులో ఆగవలసిన నీరు ఆగక నేరుగా దిగువకు వస్తుంది. రెండవది మెల్లగా, సంవత్సరాల తరబడి జరుగుతుంది కనుక దానిని ఎవరూ విపత్తు అనరు.

మొరవ ఎత్తు మీద గ్రామాలలో తగవులు సహజం. ఎగువ రైతు తన పొలం మునుగుతున్నదని మొరవ తగ్గించమంటాడు. ఆయకట్టు రైతు నీరు చాలదని ఎత్తు పెంచమంటాడు. మొరవకు అడ్డంగా ఇసుక మూటలు వేసి ఒక అడుగు నీరు అదనంగా నిలుపుకొనడం కరువు రోజులలో మామూలు. ఆ మూటలు వానకాలానికి తీయకపోతే, అదనపు నీరు మొరవ మీదుగా పోలేక కట్ట మీదుగా పోతుంది. మట్టికట్ట మీద నీరు పొర్లితే ఆ కట్ట నిలవడం అరుదు.

చారిత్రక ఏర్పాట్లు

తిరుమల శ్రీవేంకటేశ్వర ఆలయ శాసనాలు ఈ విషయంలో అపూర్వమైన సాక్ష్యం. వీటిని సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి మొదలైనవారు పరిష్కరించగా తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించినది. క్రీ.శ. 15, 16 శతాబ్దాలలో, ముఖ్యంగా సాళువ నరసింహుని కాలం నుండి, దాతలు స్వామి నైవేద్యానికి ధనం సమర్పించినప్పుడు ఆ ధనం ఊరక భాండారంలో ఉండలేదు. దానిని ఆలయ గ్రామాలలో చెరువులు, కాలువలు త్రవ్వించడానికి వెచ్చించి, అందువలన పెరిగిన పంట ఆదాయంతో నిత్య నైవేద్యం జరిపే ఏర్పాటు అనేక శాసనాలలో కనబడుతుంది. చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ 1960లో ప్రచురించిన వ్యాసంలో తిరుపతి ఆలయపు ఈ ఆర్థిక పాత్రను చర్చించాడు. నైవేద్యం ఆగకూడదంటే చెరువు నిండవలెను, చెరువు నిండవలెనంటే కాలువ పూడకూడదు. భక్తికీ మరమ్మతుకూ ఇంతకంటె గట్టి ముడి మరెక్కడైనా ఉన్నదేమో తెలియదు.

పొరుగున ఉన్న కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు (భవదూరుడు) త్రవ్వించిన ఈ చెరువుకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండు సంవత్సరాలు పనిచేసినట్లు అందులో ఉన్నది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ ఆ శాసనం పేర్కొంటుంది. నీటి శాస్త్రం తెలిసినవాడు, గట్టి బంకమట్టి నేల, కట్టకు ఆసరాగా కొండ, నేర్పరులైన పనివారు అంగాలలో కొన్ని. దోషాలలో మొదటిది కట్టలో నుండి నీరు ఊరడం. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండడం మరొక దోషం. ఈ రెండవది చదివినప్పుడు నవ్వు రావచ్చును గాని, నేటి రాష్ట్రాల, శాఖల సరిహద్దులలో ఉన్న చెరువుల గతి తెలిసినవారు నవ్వరు.

మరమ్మతు ఎవరు చేయవలెను అన్న ప్రశ్నకు రాయలసీమలో దశబంధం అనే ఏర్పాటు ఉండినది. సొంత ఖర్చుతో చెరువు కట్టించినవారికి లేక బాగుచేసినవారికి దాని క్రింద కొంత భూమిని పన్ను లేకుండా, లేదా తక్కువ పన్నుకు ఇచ్చేవారు. చెరువును సరిగా ఉంచినంత కాలమే ఆ హక్కు. దీనికి తోడు కుడిమరామత్తు అనే ఆచారం. ఆయకట్టు రైతులు ఇంటికి ఇంతమంది చొప్పున వచ్చి కాలువలో పూడిక తీయడం, కట్టకు మట్టి వేయడం, కంప కొట్టడం దీని క్రిందికి వస్తవి. కట్టకు గండి పడే ప్రమాదం వచ్చినప్పుడు ఊరంతా రావలెను. ఈ ఆచారం సడలుతున్నదని గ్రహించిన ఆంగ్ల ప్రభుత్వం 1858లో మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం చేసినది. ఊరు తనకు తానై చేసిన పని చట్టపు బలవంతంగా మారిన తరువాత అది ఎక్కువ కాలం నిలవలేదు. ఇది కేవలం మన దేశపు ఆచారం కాదు. సముద్రమట్టానికి దిగువనున్న నెదర్లాండ్సులో కట్టల రక్షణకై 13వ శతాబ్దం నుండి నీటి మండళ్లు ఉన్నవి. వాటికి ఎన్నికలు జరుగుతవి, అవి ప్రత్యేకంగా పన్ను వేస్తవి. అక్కడ కట్ట వెనుక నివసించేవారు తమ బాధ్యతను ఒక సంస్థగా నిలుపుకొనగా, ఇక్కడ ఆ బాధ్యత చేతులు మారుతూ పోయినది.

కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు జమీందారీలలోని చెరువులు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత ప్రభుత్వానికి సంక్రమించినవి. వంద ఎకరాల లోపు ఆయకట్టు గల చిన్న చెరువులు పంచాయతీరాజ్ వ్యవస్థకు, అంతకు మించినవి నీటిపారుదల శాఖకు చెందినవి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినవి. వారి పాలనలో లోపాలు ఉండినవి కాని, ఏ వంక ఏ సర్వే నెంబరులో పోతున్నదో నోటి మీద చెప్పగల మనిషి ఊరిలో లేకుండా పోయెను. అంతలో బోరుబావులు వచ్చినవి. నీరు చెరువు నుండి కాక మోటారు నుండి వచ్చుచుండగా చెరువు మీద రైతు దృష్టి తగ్గినది. బోరులోని నీరు కూడా చెరువు నుండి ఇంకినదే అన్న సంగతి బోరు ఎండిన తరువాతనే తెలిసినది.

తిరుపతి పట్టణంలోని గుంటలు

తిరుపతి పురపాలక సంఘం 1886లో ఏర్పడినది, 2007లో నగరపాలక సంస్థ అయినది. నగరానికి ఉత్తరాన నిటారుగా కొండ, దక్షిణాన స్వర్ణముఖి. కొండ మీద పడిన వాన కపిలతీర్థం, మాల్వాడిగుండం, అలిపిరి వాగుల ద్వారా దిగి, ఊరిని దాటి నదిలో కలవవలెను. ఈ దారిలో ఒకప్పుడు గుంటలు, చెరువులు ఉండినవి. తాతయ్యగుంట, కొర్లగుంట, తుమ్మలగుంట అన్న పేర్లను గమనించిన వారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. గుంట అనగా చిన్న చెరువు. తాతయ్యగుంట గంగమ్మ తిరుపతి గ్రామదేవత. ఏటా వేసవిలో జరిగే ఆమె జాతర ప్రసిద్ధమైనది. తెలుగు ఊళ్లలో గంగమ్మ నీటికి అధిదేవత. గుంట పేరు అమ్మవారి పేరులో నిలిచినది.

అవిలాల, పేరూరు చెరువుల వంటివి ఊరి అంచున ఉండి, ఊరు పెరిగిన కొద్దీ ఊరిలో భాగమయినవి. చుట్టూ ఇండ్ల స్థలాలు వచ్చిన తరువాత చెరువుకు నీరు తెచ్చే కాలువ మురుగు కాలువ అవుతుంది, మొరవ నీరు పోయే వంక వీధి అవుతుంది. ఒక్క ప్రభుత్వాన్నో, ఒక్క పార్టీనో దీనికి తప్పుపట్టడం సులువు కాని న్యాయం కాదు. దక్షిణ భారత నగరాలలో ఇదే కథ. చెన్నైలో నుంగంబాక్కం చెరువు ఉన్న చోటనే 1970లలో వళ్లువర్ కోట్టం నిర్మించారు.

2021 నవంబరు వరదలు

2021 నవంబరు 18న బంగాళాఖాతంలోని వాయుగుండం ప్రభావంతో చిత్తూరు, కడప, నెల్లూరు, అనంతపురం జిల్లాలలో అతి భారీ వర్షాలు కురిసినవి. వాయుగుండం 19వ తేదీ తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటినది. తిరుమల కొండ నుండి దిగిన నీరు తిరుపతి వీధులలో నదివలె పారినది. లీలామహల్ కూడలి, కొర్లగుంట, ఆటోనగర్ మొదలైన చోట్ల నీరు నిలిచినది. ఘాట్ రోడ్లు, నడకదారులు మూసివేయబడినవి. శ్రీవారి మెట్టు దారి బాగా దెబ్బతిని, 2022 మే నెలలో గాని తిరిగి తెరవబడలేదు. తిరుచానూరు వద్ద స్వర్ణముఖి గట్టు కోసుకుపోయి ఒడ్డున ఉన్న ఇల్లు నదిలోకి ఒరిగిపోయినది. అంతకు ఒక నెల ముందే, అక్టోబరులో, తిరుపతిలో రైలు వంతెన క్రింద నిలిచిన వాననీటిలో వాహనం చిక్కుకొని ఒక నవవధువు మరణించినది. వంతెన క్రింది దారి ఊరిలో అన్నిటికంటె పల్లపు చోటు. ఎంత లోతు అన్నది నీటి పైనుండి తెలియదు.

ఆ రోజులలోనే శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంటి ఆవరణలో భూమిలో సిమెంటు వరలతో కట్టిన నీటితొట్టి, ఒకరు లోపల దిగి శుభ్రం చేయుచుండగా, పైకి లేచి నిలబడినది. చాలామంది దీనిని వింతగా చూచారు, కొందరు భయపడ్డారు. కారణం పాఠశాల పుస్తకంలో ఉన్నదే. తొట్టి చుట్టూ భూగర్భజలం నేల మట్టానికి వచ్చినప్పుడు, తొట్టి ఎంత నీటిని తొలగించి నిలిచినదో అంత నీటి బరువుకు సమానమైన బలం దానిని పైకి నెడుతుంది. లోపల నీరు ఉన్నంతవరకు ఆ బరువు తొట్టిని అదిమి ఉంచుతుంది. ఖాళీ చేయగానే తొట్టి ఓడ అవుతుంది. కావున నేల ఊరుచున్న రోజులలో భూమిలోని తొట్టిని ఖాళీ చేయరాదు. ఆర్కిమెడిస్ సూత్రానికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఉపాధ్యాయులకు దొరకదు.

డిసెంబరు 1న తిరుమల రెండవ ఘాట్ రోడ్డు మీద పెద్ద బండరాళ్లు విరిగిపడి రోడ్డు ధ్వంసమైనది. మరమ్మతుల తరువాత 2022 జనవరిలో ఆ దారి తెరిచారు. శేషాచలం కొండల పైభాగం క్వార్ట్‌జైట్ శిల. ఈ శిల గట్టిదే కాని నిలువునా అడ్డంగా చీలికలు కలది. చీలికలలో నీరు నిండి, చెట్ల వేళ్లు చొచ్చి, క్రింద దారి కొరకు తొలిచిన చోట ఆసరా పోయినప్పుడు బండ జారుతుంది. వాన ఆగిన కొన్ని రోజులకు కూడా బండలు పడడానికి ఇదే కారణం. అందుచేత ఆకాశం తేటపడినదని ఘాట్ మీద అజాగ్రత్త తగదు.

ఈ వరదలలో అతి ఘోరమైనది అన్నమయ్య ప్రాజెక్టు దుర్ఘటన. మదనపల్లె వైపు నుండి వచ్చే బాహుదా, పింఛా నదులు కలిసి చెయ్యేరు అవుతుంది. దాని మీద రాజంపేట మండలంలో ఉన్న ఈ ప్రాజెక్టు మట్టికట్ట నవంబరు 19 తెల్లవారుజామున తెగిపోయినది. అంతకు ముందు ఎగువన పింఛా ప్రాజెక్టు కట్టకు గండి పడి ఆ నీరంతా దీని మీద పడినది. గొలుసు గురించి పైన చెప్పినది అక్షరాలా జరిగినది. ప్రాజెక్టు ఐదు గేట్లలో ఒకటి తెరుచుకొనలేదన్న సంగతి ఆ డిసెంబరులో డ్యాముల భద్రతా బిల్లు చర్చ సందర్భంగా పార్లమెంటులో ప్రస్తావనకు వచ్చినది. పులపత్తూరు, తొగురుపేట, మందపల్లి, గుండ్లూరు మొదలైన ఊళ్లు కొట్టుకుపోయినవి. ముప్పై మందికి పైగా మరణించడమో గల్లంతు కావడమో జరిగినది. ఆనాడు కార్తిక పౌర్ణమి. నది ఒడ్డు శివాలయానికి దీపాలు పెట్టడానికి వెళ్లినవారు కూడా వరదలో చిక్కుకొన్నారు.

రాయలచెరువు

ఇందుకు భిన్నమైనది రాయలచెరువు ఉదంతం. తిరుపతికి దక్షిణాన రామచంద్రాపురం మండలంలో, కొండల నడుమ కట్ట వేసి నిర్మించిన ఈ పెద్ద చెరువు శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదని ప్రతీతి. ఎన్నో సంవత్సరాలుగా ఎన్నడూ లేనంత నీరు చేరగా, 2021 నవంబరు 21న కట్టలో నుండి నీరు ఊరి మట్టి జారడం కనిపించినది. వెంటనే దిగువ గ్రామాల ప్రజలను ఖాళీ చేయించి ఎత్తయిన చోట్లకు తరలించారు. ఇంజనీర్లు, పోలీసులు, విపత్తు సహాయక దళాలు, గ్రామస్థులు ఇసుక మూటలతో, మట్టితో ఊట ఉన్న భాగాన్ని బలపరచారు. కొన్ని రోజులు దిగువ గ్రామాలు నిద్రలేని రాత్రులు గడిపినవి. కట్ట నిలిచినది.

చెయ్యేటి ఒడ్డున ఆ రాత్రి ప్రజలకు సమయం దొరకలేదు. ఇక్కడ దొరికినది. ఊట కంటపడినప్పటి నుండి కట్ట తెగగల క్షణం వరకు ఉన్న ఆ వ్యవధియే ఊళ్లను కాపాడినది. కావున చిన్న ఊటను ఎవరు, ఎప్పుడు చూస్తారన్నది యంత్రాల కంటె ముందు రావలసిన ప్రశ్న.

మట్టికట్ట తెగే విధం, గమనించవలసినవి

మట్టికట్ట సాధారణంగా మూడు విధాల తెగుతుంది. నీరు పై నుండి పొర్లడం ఒకటి. కట్ట లోపల సన్నని దారి ఏర్పడి నీరు దానిని పెద్దది చేసుకొనడం రెండవది. తూము గోడకు, మట్టికి మధ్య సందు ఏర్పడడం మూడవది. ఎలుకల, ఎండ్రకాయల బొరియలు, ఎండిపోయిన చెట్ల వేళ్లు రెండవ దానికి దారి తీస్తవి. కట్ట మీద పెద్ద చెట్లు పెరగనీయరాదని పెద్దలు చెప్పిన మాటకు ఇదే అర్థం.

కట్ట అడుగున ఊట కనిపించడమే ప్రమాదం కాదు. అన్ని మట్టికట్టలూ కొంత ఊరుతవి. ఊటనీరు తేటగా ఉండి, పెరగకుండా ఉంటే దానిని కనిపెట్టి ఉంటే చాలును. నీరు బురదగా మారితే, లోపలి మట్టి కొట్టుకు వస్తున్నదని అర్థం. అది క్షణాల మీద చెప్పవలసిన వార్త. ఊట బుగ్గను మట్టితో మూయబోవడం పొరపాటు. ఒక చోట మూసిన నీరు మరొక చోట లేస్తుంది. బుగ్గ చుట్టూ ఇసుక మూటలు వలయంగా పేర్చి నీటిని కొంత ఎత్తు నిలబెట్టితే లోపలి ఒత్తిడి తగ్గును. ఇసుక, గులకరాళ్లు పొరలుగా వేస్తే నీరు వస్తుంది కాని మట్టి రాదు. ఇవి అనుభవజ్ఞుల పర్యవేక్షణలో చేయవలసిన పనులు. దిగువ ఇండ్లవారిని ముందుగా తరలించకుండా వీటికి పూనుకొనరాదు.

2021లో వచ్చిన డ్యాముల భద్రతా చట్టం 15 మీటర్లకు మించిన ఎత్తు గల ఆనకట్టలకు, కొన్ని షరతులకు లోబడి 10 నుండి 15 మీటర్ల ఎత్తు గల వాటికి వర్తిస్తుంది. ఊరి చెరువులలో అత్యధిక భాగం ఈ కొలతకు లోపలనే ఉన్నవి. వాటి కట్ట మీద నడిచి చూచే పని చట్టం ఎవరికీ ప్రత్యేకంగా అప్పగించలేదు. పూర్వం అది నీరుగట్టి పని.

చిత్తూరు పట్టణం

2021 నవంబరులో నీవా నది పొంగి చిత్తూరు పట్టణంలోని లోతట్టు వీధులు మునిగినవి. పట్టణంలోని కట్టమంచి చెరువు పేరు తెలుగు సాహిత్య విద్యార్థులకు పరిచితం. విమర్శకుడు, విద్యావేత్త కట్టమంచి రామలింగారెడ్డి ఇక్కడివాడు. తిరుపతికి గుంటల విషయంలో చెప్పినదే చిత్తూరుకూ చాలవరకు వర్తిస్తుంది.

కరువు కాలంలో ప్రజల ప్రయత్నాలు

వరదలో కనిపించే సహాయం అందరికీ తెలుసును. పడవలు, పులిహోర పొట్లాలు, దుప్పట్లు పత్రికలలో వస్తవి. కరువులో కనిపించని పని ఒకటి ఈ జిల్లాలో జరిగినది. 2003 నుండి 2009 వరకు చిత్తూరుతో సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాలలో, ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ద్వారా నెదర్లాండ్స్ సహాయంతో రైతుల భూగర్భజల నిర్వహణ పథకం నడిచినది. రైతులే వానమాపకం చూచి వాన లెక్క వ్రాసేవారు. క్రమం తప్పకుండా ఎంపిక చేసిన బావులలో నీటిమట్టం కొలిచేవారు. రబీకి ముందు అందరూ కూర్చుండి, ఊరి నేలలో ఎంత నీరు ఉన్నది, అనుకొన్న పంటలకు ఎంత కావలెను అని లెక్క కట్టేవారు. లోటు తేలితే వరి తగ్గించి తక్కువ నీటి పంట వేయడమా, మానడమా అన్నది రైతు ఇష్టం. నిర్బంధం లేదు. లెక్క మాత్రం గోడ మీద అందరి ఎదుట ఉండేది. చదువు తక్కువైనవారికి ఇది అర్థం కాదన్న అపోహను ఈ పథకం తొలగించినది.

మదనపల్లె సమీపంలో జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ పాఠశాల మరొక ఉదాహరణ. బోడికొండలతో ఉన్న ఆ లోయలో దశాబ్దాలపాటు చెట్లు నాటి, వాననీటిని నిలిపి, పచ్చదనం తెచ్చారు. 1991లో అక్కడ పక్షుల రక్షిత ప్రదేశం ఏర్పాటయినది. శేషాచలం కొండలను 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2014 మార్చిలో ఈ అడవిలో పెద్ద కార్చిచ్చు రేగి, మంటలు ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చినది. అడవి కాలిన కొండ వానను పట్టలేదు, ఒండ్రును దిగువ చెరువులకు పంపును.

చట్టాలు, ఆక్రమణలు

పర్యావరణాన్ని రక్షించడం పౌరుని ప్రాథమిక విధి అని 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51-ఎ అధికరణం చెబుతున్నది. పర్యావరణ పౌరసత్వం అన్న మాట వాడుకలోకి రాకముందే దాని సారం ఇక్కడ ఉన్నది. 1997లో రైతుల నీటిపారుదల వ్యవస్థల నిర్వహణ చట్టం క్రింద నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడినవి. 2000లో నీరు-మీరు కార్యక్రమం, 2002లో వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్టు పరిరక్షణ చట్టం), 2015లో నీరు-చెట్టు వచ్చినవి. పథకం పేరు మారినప్పుడెల్లా పూడికతీత మొదటి నుండి మొదలవడం పరిపాటి అయినది. పూడిక తీసిన చెరువుకు నీరు తెచ్చే వంక మూసుకుపోయి ఉంటే ఆ ఖర్చు వ్యర్థమన్నది సామాన్య రైతుకు తెలిసిన సంగతి.

2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సర్వోన్నత న్యాయస్థానం చెరువులు, కుంటలు ప్రకృతి వరాలనీ, వాటిని ఇండ్ల స్థలాలకు కేటాయించరాదనీ తీర్పు చెప్పినది. అమలులో చిక్కు ఉన్నది. చెరువు పోరంబోకులో ఉండేవారిలో పేదలు ఎక్కువ. ఊరిలో మరెక్కడా స్థలం కొనలేకనే వారు అక్కడికి చేరారు. వరద వచ్చిన ప్రతిసారి ముందు మునిగేదీ, తొలగింపు నోటీసు ముందు అందుకొనేదీ వారే. అదే చెరువులో గట్టిగా కట్టిన పెద్ద భవనాలకు, ప్రభుత్వ కట్టడాలకు ఆ నోటీసు ఆలస్యంగా వెళ్లుతుంది, లేదా వెళ్లదు. వేరే చోట ఇల్లు చూపకుండా పేదల గుడిసె తీసివేస్తే నీటికి దారి ఏర్పడును కాని, వారు మరొక వంకలోనే గుడిసె వేసుకొంటారు.

తన ఊరి వంకలు ఎక్కడ ఉన్నవో తెలుసుకొనదలచిన విద్యార్థికి పాత గ్రామపటం మంచి ఆధారం. అందులో చెరువు, వంక, పోరంబోకులు సర్వే నెంబర్లతో గుర్తించి ఉంటవి. దానిని నేటి ఉపగ్రహ చిత్రం ప్రక్కన పెట్టి, నీలిగీత ఇప్పుడు ఏ వీధి మీదుగా పోతున్నదో చూడవచ్చును. పెద్దవాన కురిసిన రోజున ఏ వీధిలో ముందు నీరు నిలిచినదో గుర్తుంచుకొని పటంతో పోల్చితే, ఆ రెండూ తరచుగా ఒకటే అని తేలుతుంది.